కెమెరా ఎంచుకున్న ముఖం

"ఇది నా కూతురి పెళ్లా, నీ కూతురి పెళ్లా సాయిబూ?"

స్టూడియో కుర్చీలో కూర్చుని, దాని యజమాని అలీ సాహెబ్‌ని అడిగాడు యలమందయ్య.

కంప్యూటర్ తెర నిండా ఒకటే ఫోటో. మొన్న తెల్లవారుజామున జరిగిన శ్రీదివ్య పెళ్లి. జీలకర్ర బెల్లం ఘడియ. అడ్డుతెర దించేశారు. పెళ్లికొడుకు చెయ్యి పెళ్లికూతురి తల మీద, ఆమె చెయ్యి అతని తల మీద ఉన్నాయి. కానీ ఆ ఇద్దరి ముఖాలూ తడిగుడ్డతో తుడిచేసినట్టు అలుక్కుపోయాయి. వాళ్ల భుజాల మధ్య సందులోంచి, వెనక లైటు పట్టుకుని నిలబడ్డ సాయిబు కూతురు షాహిస్తా మాత్రం కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంది. ముక్కు మీద చెమటబొట్టుతో సహా.

షాహిస్తా మౌస్ నొక్కింది. తర్వాతి ఫోటో వచ్చింది. అదీ అంతే. ఇంకోసారి నొక్కింది. పెళ్లికూతురు బూడిదరంగు మేఘం, తన ఫోటో మాత్రం పటం కట్టించుకోవచ్చు.

అలా నాలుగు వందల ఫోటోలు. సెకనుకి ఇరవై చొప్పున కొట్టే కెమెరా అది. ఇరవై సెకన్లలో ఒక పెళ్లిని మాయం చేసేసింది.

"ఇంకా నొక్కు పాపా," అన్నాడు యలమందయ్య. "ఎక్కడో ఒకచోట ఉంటుద్ది మా అమ్మాయి. నొక్కు."

"లేదు బాబాయి," అంది షాహిస్తా. "అన్నీ చూశాను."

గోడకి ఆనుకుని నిలబడ్డ అన్న షానవాజ్ తల ఎత్తలేదు. మూడు వారాల కిందట ఆ కొత్త మిర్రర్‌లెస్ కెమెరాని ఇంటికి తెచ్చింది అతనే. గుంటూరులో కలీం అనే స్నేహితుడి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నానన్నాడు. నలభై అయిదు మెగాపిక్సెళ్లు, మనిషి కన్నుని దానంతటదే పట్టుకుంటుంది, ఇక మనం చూసుకోనక్కర్లేదు అన్నాడు. నిజంగానే చూసుకోలేదు.

అలీ సాహెబ్ ముందుకొచ్చాడు. మెడలో వేలాడుతున్న తన పాత కెమెరాని తీసి, అందులోని మెమరీ కార్డు కూతురి చేతికిచ్చాడు. పదమూడేళ్ల నాటి కెమెరా అది. కొత్తగా పని నేర్చుకునేవాళ్లు కొనే రకం. పట్టీ రెండుచోట్ల తెగితే చెప్పులు కుట్టేవాడి దగ్గర కుట్టించాడు.

"పక్కనుంచి నేను మూడు కొట్టా. చూపించు."

మూడింట్లో రెండు అతిథుల సెల్‌ఫోన్లకి అడ్డుపడి పోయాయి. మూడోది తెర మీదకి రాగానే యలమందయ్య కుర్చీలోంచి లేచాడు.

చీకటిగా ఉంది. రంగులు వెలిసిపోయినట్టున్నాయి. కానీ శ్రీదివ్య కళ్లెత్తి పెళ్లికొడుకుని చూస్తోంది. సరిగ్గా ఆ క్షణం. పెదవి కొసన నవ్వు అప్పుడే మొదలవుతోంది.

"అదిగో! అదిగో నా తల్లి!" యలమందయ్య కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "దీన్నే పెద్దది చెయ్యి సాయిబూ. హాల్లో గోడ మీదకి. ఆరడుగులు."

అలీ సాహెబ్ అబద్ధం చెప్పి ఉంటే ఆ పూట గండం గడిచేది. ఆయనకి అది చేతకాదు.

"ఆరడుగులు రాదయ్యా. ఈ డబ్బా చీకట్లో తీస్తే గరుకొస్తుద్ది. అరచేతి సైజులో బాగుంటుంది. పెద్దది చేస్తే కారప్పొడి చల్లినట్టుంటుంది."

"అంటే ఏంది? నా మనవళ్లకి కారప్పొడి చూపించమంటావా?"

యలమందయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"సాయంత్రం మా వియ్యంకుడు ఫోన్ చేస్తాడు. ఏం చెప్పను? పెళ్లికూతుర్ని వదిలేసి లైటు పట్టుకున్న పిల్లని తీశారని చెప్పనా? నీ మీద నమ్మకంతో ఒంగోలు స్టూడియో వాళ్లని కాదన్నా." యలమందయ్య చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి షానవాజ్ వైపు తిరిగాడు. "ఒరేయ్ అబ్బాయ్. ముహూర్తం మళ్లీ రాదురా."

ఆయన బుల్లెట్ చప్పుడు సందు మలుపు తిరిగింది. స్టూడియోలో నలుగురు మిగిలారు.

నాలుగో మనిషి షాహిస్తా అమ్మ ఫాతిమా. స్టూడియో వెనకే ఇల్లు. మధ్య గుమ్మంలో నిలబడి ఉందామె. చేతుల్లో చేట, చేటలో తొడిమలు తీయాల్సిన మిరపకాయలు.

"బట్టలు సర్దుకో," అన్నాడు అలీ సాహెబ్ కొడుకుతో.

షాహిస్తా చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. సరిగ్గా ఇదే మాట. ఇదే గొంతు.

ఎనిమిదేళ్ల కిందట పెదకాకానిలో ఒక పెళ్లి. పెద్దన్న అల్లాబక్షు తీశాడు. నిండిన కార్డుని సంచిలో తలకిందులుగా పెట్టడం వాళ్ల స్టూడియో పద్ధతి. ఖాళీది నిటారుగా పెడతారు. ఆ రోజు అల్లాబక్షు నిండిన కార్డుని ఖాళీదనుకుని కెమెరాలో పెట్టి, మొత్తం తుడిపేసి, దాని మీద విందు ఫోటోలు తీశాడు. నెల తిరక్కుండా పెళ్లికూతురి తల్లి పోయింది. ఆమెది ఒక్క ఫోటో కావాలని ఆ పిల్ల ఇదే స్టూడియోకి వచ్చి, ఇదే కుర్చీలో కూర్చుని ఏడ్చింది. ఆ సాయంత్రమే అలీ సాహెబ్ పెద్దకొడుకుని ఇంట్లోంచి పంపేశాడు. ముహూర్తం పోగొట్టినవాడు ఈ కప్పు కింద ఉండడానికి వీల్లేదన్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో అల్లాబక్షు పేరు ఎవరూ పలకలేదు.

ఒక పెళ్లికి ఒక అన్న పోయాడు. ఇప్పుడు ఈ పెళ్లికి ఈ అన్న కూడానా?

"నాయనా, ఒక్క మాట విను..." షానవాజ్ మొదలుపెట్టాడు.

"ఏందిరా వినేది? నా డబ్బాకి ఉన్నవి తొమ్మిదే ఫోకస్ చుక్కలు. అందులో నడిమిది ఒక్కటే సరిగా పనిచేస్తుద్ది. అది ఎక్కడ పెట్టాలో నేను చెప్తా, అది వింటుద్ది. నీ దానికి ఎన్నిరా చుక్కలు?"

"వెయ్యి పైన."

"వెయ్యిట్లో ఒక్కటన్నా పెళ్లికూతురి మీద పడలేదేందిరా?"

"నీ డబ్బా మాత్రం ఏం చేసింది? అరచేతి ఫోటో!" షానవాజ్ గొంతు లేచింది. "నీ దాంట్లో కన్ను పెడితే చీకటి చీకటే. ఇందులో కంటికి ఆనని చీకటి కూడా పగల్లా కనపడుద్ది. రెండిటికీ పోలికేంది?"

"పోలిక అదిగో, తెర మీదుంది చూసుకో! గరుకైనా నా దాంట్లో పెళ్లికూతురుంది. నీ దాంట్లో నీ చెల్లెలుంది!"

"అదే నాకూ అర్థం కావట్లేదు!"

ఆ మాట దగ్గర షాహిస్తా ఆగింది. నిజమే. అర్థం కాని సంగతి అదే. పొరపాటున ఫోకస్ వెనక్కి పోతే వెనకున్న పూలదండల మీదకి పోవాలి, పురోహితుడి మీదకి పోవాలి. నాలుగు వందల ఫోటోల్లో నాలుగు వందలూ తన కంటి మీదే ఎందుకుంది? తను ఎడమకి జరిగితే ఎడమకి, కుడికి జరిగితే కుడికి. అది గురి తప్పడం కాదు. అది గురి.

ఇంట్లో ఈ మూడు వారాలూ షానవాజ్ కెమెరా పరీక్షించినప్పుడల్లా ఎదురుగా కూర్చున్నది తనే. అప్పుడు తప్పు ఎలా తెలుస్తుంది?

కొత్త కెమెరా చేతిలోకి తీసుకుని వెనక బటన్ నొక్కింది.

"మెనూ ముట్టుకోకే!" షానవాజ్ ఒక్క అంగలో వచ్చాడు.

"ఏం? ఎందుకు ముట్టుకోకూడదు?"

అతను చెయ్యి చాచాడు. షాహిస్తా వెనక్కి జరిగి, బల్ల అవతలికి పోయి, ఒక్కో పేజీ తిప్పింది. ఆటోఫోకస్. దాని కింద మనుషులని గుర్తించడం. దాని కింద ఇంకొకటి, వరస ప్రకారం నమోదు చేసిన ముఖాలు. ఈ లిస్టులో ఉన్న ముఖం ఫ్రేములో ఎక్కడ కనపడినా సరే, ముందున్నవాళ్లని వదిలేసి కెమెరా దాని మీదకే పోతుంది.

తెరిచింది.

మొదటి ముఖం తనది.

బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఉంది ఫోటోలో. ఆకుపచ్చ చున్నీ. కిందటి ఫిబ్రవరిలో ఒంగోలు పోతూ వేసుకున్నది. ఎవరో దూరం నుంచి తీశారు. తనకి తెలియదు.

"నాయనా," అంది. "ఈ కెమెరా మన దగ్గరికి వచ్చి మూడు వారాలే. ఇందులో నేను ఫిబ్రవరి నుంచీ ఉన్నాను."

అలీ సాహెబ్ వచ్చి భుజం మీదుగా చూశాడు.

మూడో ముఖం, చివరిది, ఆయనదే. స్టూడియో షట్టరు పైకెత్తుతూ, పక్కకి తిరిగి ఉన్నాడు.

"ఎవడో మన ఇంటి మీద కన్నేశాడు," అన్నాడు అలీ సాహెబ్. కోపం పోయి ఆ స్థానంలోకి భయం వచ్చింది. "ఎవడ్రా ఈ కలీం? ఆడపిల్లని బస్టాండులో దొంగచాటుగా ఫోటోలు తీసేవాడి దగ్గర కెమెరా కొన్నావా? ఫోన్ కలుపు. కాదు, పోలీస్ స్టేషన్‌కి పోదాం పద. లే!"

"కలీం అమ్మలేదు నాయనా," అన్నాడు షానవాజ్.

"మరి?"

షానవాజ్ చూపు ఒక్క క్షణం మధ్య గుమ్మం వైపు పోయి వెనక్కి వచ్చింది. ఆ ఒక్క క్షణం షాహిస్తా పట్టుకుంది.

ఆమె ఇంకా రెండో ముఖం సరిగా చూడలేదు. ఇప్పుడు చూసింది. అమ్మ. మిరప కల్లంలో, తలకి గుడ్డ కట్టుకుని, వెనక ఎర్రగా ఆరబోసిన కాయలు. దాన్ని పెద్దది చేసింది. ఒకసారి చూసి, నమ్మలేక మళ్లీ చూసింది.

తను పక్కకి చూస్తోంది. నాయన పక్కకి చూస్తున్నాడు. అమ్మ మాత్రం సూటిగా కెమెరాలోకి చూస్తోంది. నవ్వుతోంది. పళ్లు కనపడేలా, కళ్ల కింద ముడతలు పడేలా. ఎనిమిదేళ్లుగా షాహిస్తా చూడని నవ్వు అది.

"అమ్మా. నువ్వు కెమెరాలోకి చూస్తున్నావు."

ఫాతిమా చేట కింద పెట్టింది.

"ఎవరిని చూసి నవ్వావు?" అలీ సాహెబ్ అడిగాడు. "ఫాతిమా. నిన్నే అడిగేది. ఎవరిని చూసి?"

"నా కొడుకుని చూసి."

వీధిలో ఎవరో మామిడికాయలు అమ్ముకుంటూ పోతున్నారు.

"వాడు చచ్చాడని చెప్పానా లేదా?"

"నువ్వు చెప్పావు. నేను నమ్మలేదు."

"ఎన్నాళ్లనుంచి?"

"ఫిబ్రవరి నుంచి. గుంటూరు పక్కన నల్లపాడులో ఉంటున్నాడు. షానవాజే వెతికి పట్టుకున్నాడు." ఫాతిమా మంచి పని చేసినట్టూ చెప్పలేదు, తప్పు చేసినట్టూ చెప్పలేదు. చింతపండు తెచ్చానన్నట్టు చెప్పింది. "నువ్వు తిడతావని కాదు నీకు చెప్పంది. వాడే వద్దన్నాడు. జాలిపడి పిలిస్తే రానన్నాడు."

"జాలేంది? వాడి మీద నాకు జాలెందుకు?"

ఫాతిమా షానవాజ్ వైపు చూసింది. నువ్వు చెప్పు అన్నట్టు.

"అన్నకి చూపు పోతోంది నాయనా," అన్నాడు షానవాజ్.

షాహిస్తా కెమెరాని బల్ల మీద పెట్టింది.

"చుట్టూ ఉన్న చూపు మూసుకుపోయింది. మధ్యలో గొట్టంలోంచి చూసినంత మిగిలింది. ఎండలోంచి నీడలోకొస్తే ఆ కాస్తా ఉండదు. హైదరాబాదులో కూడా చూపించాం. చేసేదేమీ లేదన్నారు. ఈ కెమెరా కొనుక్కున్నది అందుకే. మామూలు కెమెరాలో కన్ను పెడితే వాడికి చీకటి. ఇందులో లోపల చిన్న తెరుంటుంది, వెలుగ్గా చూపిస్తుంది."

"మరి మన ముఖాలు...?" అంది షాహిస్తా.

"కల్లంలో నలభై మంది ఆడోళ్లం తలగుడ్డలు కట్టుకుని కూర్చుంటే నేనెవరో వాడికి తెలీలేదే," అంది ఫాతిమా. "తమ్ముడు చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చాడు. అప్పుడు తీశాడు ఆ ఫోటో. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అవతల వీధిలో నిలబడి దీన్ని కంటికి పెట్టుకునేవాడు. మనం జనంలో ఉన్నా సరే, ఇది మన ముఖం చుట్టూ గడి కట్టి చూపించేదంట. ఆ గడి ఎటు పోతే అటు చూస్తూ ఉండేవాడు."

"నేను ఆ లిస్టులో ఎందుకు లేనో తెలుసా?" షానవాజ్ చెల్లెలితో అన్నాడు. "నేను పక్కనే వాడి చెయ్యి పట్టుకుని ఉండేవాణ్ని. ఆ గడి అందరి ముఖాలకీ కడుతుందనుకున్నానే గానీ, ఇట్లా మనల్ని వరసబెట్టి దాచుకున్నాడని నాకు తెలీదు. పోయిన నెల, ఇక ఆ చిన్న తెర కూడా ఆనడం లేదురా, కెమెరా ఊరికే పడుండకూడదు, నువ్వు తీసుకెళ్లు, నా పేరు చెప్పకు అన్నాడు."

అలీ సాహెబ్ కుర్చీ వెనకభాగం పట్టుకున్నాడు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఆయన పెదవులు కదిలాయి.

"ఎప్పట్నుంచి?" అన్నాడు చివరికి. "ఈ చూపు. ఎప్పట్నుంచి పోతోందన్నారు?"

ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో షాహిస్తాకి ముందే తెలిసిపోయింది. వద్దు నాయనా, అడక్కు అనబోయింది.

"పదేళ్ల పైనుంచే అన్నారు," అన్నాడు షానవాజ్.

"పెదకాకాని హాల్లో లైట్లు తీసేసి, దంపతుల మీద ఒక్క లైటు వేశారు. గుర్తుందా?" అంది ఫాతిమా. "సంచిలో ఏ కార్డు నిటారుగా ఉందో, ఏది తలకిందులుగా ఉందో ఆ చీకట్లో వాడికి కనపడలేదు. ఎందుకు కనపడలేదో అప్పుడు వాడికీ తెలీదు. నీకేమని చెప్తాడు? చీకటిగా ఉంది నాయనా, కనపడలేదు అన్నాడు. నువ్వు ఏమడిగావో గుర్తుందా?"

అలీ సాహెబ్ తల దించుకున్నాడు.

"తాగొచ్చావా అని అడిగావు. అంతమందిలో. జీవితంలో చుక్క ముట్టనివాణ్ని."

షాహిస్తా తండ్రి ముఖం వంక చూడలేక తెర వంక చూసింది. అక్కడ ఇంకా నాయన తీసిన శ్రీదివ్య ఫోటోనే ఉంది.

"నాయనా," షానవాజ్ మెల్లగా అన్నాడు. "నన్ను పంపిస్తే పంపించు. కానీ ఇంకొక సంగతి ఉంది. పొద్దున ఫోటోలు చూసి నేను అన్నకి ఫోన్ చేశా, ఫోకస్ ఇట్లా ఎందుకైందని. మెనూ ఎవర్నీ ముట్టుకోనీయకు, తప్పు నాది, నాయనకి నేనే చెప్పుకుంటానన్నాడు. వద్దన్నా వినలేదు. గుంటూరులో బస్సెక్కేశాడు."

"ఒక్కడేనా?" ఫాతిమా గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఒక్కణ్నే ఎక్కనిచ్చావా?"

"నేను చెప్పేలోపే బస్సులో ఉన్నాడమ్మా. పన్నెండున్నరకల్లా దిగుతానన్నాడు. ఆ టైముకి బస్టాండులో ఉందామనుకున్నా, ఈలోపు యలమందయ్య గారు..."

షాహిస్తా గోడ గడియారం చూసింది. ఒంటిగంటకి పది నిమిషాలు తక్కువ.

బయట ఆటో ఆగింది.

డ్రైవర్ గొంతు వినపడింది. "ఇదేనన్నా షాపు. రెండు మెట్లున్నాయి, చూసుకో."

తెర మీద రంగులు సరిగా కనపడాలని స్టూడియోలో పగలంతా కర్టెన్లు వేసే ఉంచుతారు. తలుపు తెరుచుకోగానే ఏప్రిల్ ఎండ ఒక్కసారిగా లోపలికి దూకింది. ఆ వెలుగులో ఒక మనిషి గడప ఎక్కాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. గడ్డంలో అక్కడక్కడా తెలుపు. ఇస్త్రీ చేసిన చొక్కా. వెనక తలుపు మూసుకుంది. మళ్లీ నీడ.

అతను అక్కడే ఆగిపోయాడు. చెయ్యి చాచి తలుపు చట్రం వెతుక్కున్నాడు.

అతనికి ఎదురుగా రెండడుగుల దూరంలో, అప్పటికే కుర్చీ వదిలి తలుపు దాకా వచ్చిన అలీ సాహెబ్ నిలబడి ఉన్నాడు.

ఫాతిమా నోరు తెరిచింది. అలీ సాహెబ్ వెనక్కి చూడకుండానే చెయ్యెత్తాడు, ఎవరూ మాట్లాడొద్దన్నట్టు. ఆ చెయ్యి కోపంతో లేచిందో ఇంకెందుకు లేచిందో షాహిస్తాకి అర్థం కాలేదు.

"ఏవండీ," అన్నాడు అల్లాబక్షు, ఎదుట మనిషి ఉన్నాడని ఊపిరి చప్పుడుతో పోల్చుకుని. మర్యాదగా, ఎవరో గిరాకీతో మాట్లాడినట్టు. "అలీ సాహెబ్ గారు లోపల ఉన్నారా?"

అలీ సాహెబ్ ఎత్తిన చెయ్యి దించలేదు.

"నేను ఆయన పెద్దకొడుకునండి. ఎండలోంచి వచ్చా, కాసేపు ఏమీ కనపడదు. ఏమనుకోవద్దు." నవ్వబోయి మానుకున్నాడు. గొంతు తగ్గించాడు. "బాగా కోపంగా ఉన్నారా ఆయన? తమ్ముణ్ని పంపించొద్దని చెప్దామని వచ్చానండి. ఆ ఒక్క మాట చెప్పేసి వెళ్లిపోతా. కాస్త పిలుస్తారా?"

అలీ సాహెబ్ ఎత్తిన చెయ్యి మెల్లగా ముందుకి కదిలింది. కొడుకు ముఖం వైపు పోయింది. కళ్లకి జానెడు దూరంలో ఆగి, ఏమన్నా కనపడుతోందా అని చూస్తున్నట్టు అటూ ఇటూ కదిలింది.

అల్లాబక్షు రెప్ప వెయ్యలేదు.